‘తెల్వదు’ అనే డాక్టరు

ఆ ఫోను వచ్చినప్పుడు మా అంబుబాయి చేతిలో సగం చుట్టిన బీడీ ఉంది.

ఎండ ఇంకా అరుగు మీదికి ఎక్కలేదు. సోలాపూర్ భవాని పేట్‌లో మా సందు ఆడవాళ్లంతా కాళ్లు చాపుకుని, ఒళ్లో చేటలు పెట్టుకుని వరసగా కూర్చున్నారు. నేను లూముల కార్ఖానాకు పోయే ముందు రెండో చాయ్ తాగుతున్నాను. ఫోను వస్తే స్పీకర్లో పెట్టడం నాకు అలవాటు. మా ఇంట్లో దాచుకునే సంగతులు లేవు, ఉన్నా పక్కింటి నర్సక్కకు మాకంటే ముందే తెలుస్తాయి. అవతల మాట్లాడింది పెద్దాసుపత్రిలో డాక్టరు సాబు దగ్గర పనిచేసే చిన్న డాక్టరమ్మ. సాబు తెల్లారేసరికి హోట్గి రోడ్ ఇంట్లో గుండె ఆగి పోయారని చెప్పింది. మరాఠీలో మొదలుపెట్టి, మధ్యలో హిందీలోకి పోయి, చివరికి ఏడుపులోకి పోయింది.

అరుగంతా కత్తెర్ల చప్పుడు ఆగిపోయింది.

చావు కబురు విన్నాక ఎవడైనా పెళ్లాం మొహం చూస్తాడు. నేను ఆమె కుడిచెయ్యి చూశాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తునికాకు అలాగే నిలబడిపోయింది. చూపుడువేలు కదలడం లేదు.

ఆ వేలు సంగతి తెలియనివాళ్లు దుఃఖం అనుకుంటారు. దుఃఖమే అయితే మంచిదే. కాకపోతే? ఆ వేలు ఒకసారి మొండికేసి మా కొంపను తలకిందులు చేసింది. దాన్ని దారికి తెచ్చినవాడు ఒక్కడే. వాడు కాస్తా ఇవాళ పొద్దున్నే పోయాడు. ‘వాడు’ అన్నానని తప్పు పట్టకండి. ఆయన నన్ను ఇన్నేళ్లూ ‘ఏమే’ అన్నాడు. లెక్క సరిపోయింది.

ఆ ‘ఏమే’ సంగతి ముందు చెప్పాలి.

ఆయన మెదళ్లు కోసే డాక్టరు. సోలాపూర్ చుట్టుపక్కల ఎవరు మోటారు సైకిలు మీది నుంచి పడి తల పగలగొట్టుకున్నా, ఎవరి తలలో గడ్డ లేచినా ఆయన చేతుల్లోకే పోవాలి. అంతటి మనిషి ఆదివారం రాగానే మా సందులోకి వచ్చి, గోనెసంచి మీద గొంతుక్కూర్చుని, బీడీలు చుట్టే ఆడవాళ్ల వేళ్లను చూసేవాడు. మొహాలు చూడడు, వేళ్లే. మధ్యమధ్యలో ఫోను తీసి వేళ్ల వీడియో తీసుకునేవాడు. కుర్చీ వేస్తే కూర్చోడు. చాయ్ ఇస్తే తాగడం మర్చిపోతాడు, మీగడ కట్టాక ఎత్తి ఒక్క గుక్కలో తాగేస్తాడు, వెంటనే దగ్గుతాడు. ప్రతి ఆదివారం అదే దగ్గు.

మొదట్లో సందంతా భయపడింది. “బీడీలు బంద్ చేయించనీకి సర్కారోడు వచ్చిండమ్మా” అని నర్సక్క తీర్పు చెప్పి చేట మీద కొంగు కప్పేసింది. ఆయన కొంగు మీద నుంచే చూస్తూ కూర్చున్నాడు. ఎంతసేపని కప్పుకుంటారు? పని ఆగితే పొద్దు ఆగదు కదా. కొంగులు తీసేశారు.

ఆయన ఇంటి భాష మరాఠీ. తెలుగంతా మా అరుగుల మీదే నేర్చుకున్నాడు, అదీ ఆడవాళ్ల నోటి నుంచి. అందుకని ఆయనకు ఆడవాళ్ల తెలుగు తప్ప మరొకటి రాదు. ఆరడుగుల మనిషి, నెరిసిన మీసం, మెడలో కళ్లద్దాల తాడు, నోరు తెరిస్తే మా అత్త మాట్లాడినట్టుండేది.

“ఏమే, నీది మగ్గం పనా?” అని అడిగాడు నన్ను మొదటిసారి.

నా వెనక ఏ ఆడమనిషి నిలబడిందోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు.

“సాబ్, నన్ను ఏమే అంటే నా మీసాలకు కోపమొస్తది.”

“మల్ల ఏమనాలె?”

“ఏమయ్యా అనుండ్రి.”

ఆయన పరీక్షలో జవాబు కంఠస్థం చేస్తున్నట్టు పెదాలు కదిపాడు. “బరాబర్. నీది మగ్గం పనా, ఏమే?”

సందంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. ఎందుకు నవ్వుతున్నారని కూడా అడగలేదు. నేను బడికి మూడో పుస్తకం దాటకముందే సెలవు చెప్పిన వాణ్ణి, నాకు మిగిలిన ఆస్తి నా నోరే. శవం దగ్గరైనా ఒకరిని నవ్వించి వస్తానని పేరు. ఈయన్ని నవ్వించడం నా వల్ల కాలేదు. ఎన్ని ఆదివారాలు ప్రయత్నించానో. జోకు వేస్తే ఆయన దాన్ని రోగి చెప్పే లక్షణంలాగా శ్రద్ధగా వినేవాడు.

అప్పటికే మా అంబుబాయి వేలు పాడైంది. అది ఎలా పాడైందో చెబితే మీరూ నమ్మరు, మా వాళ్లూ నమ్మలేదు. అన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంటే చెయ్యి బాగానే ఉండేది. జడ వేసుకుంటే బాగుండేది. సూదిలో దారం ఎక్కించేది, నా వీపు మీద చరిస్తే ఆ చరుపు కూడా బాగానే తగిలేది. తునికాకు పట్టుకుందంటే మాత్రం చూపుడువేలు లోపలికి ముడుచుకుపోయేది. ఎక్కువ పురి పడ్డ నూలు చేతిలోంచి జారితే తనంత తానే మెలిపడుతుంది చూడండి, అచ్చం అలాగ. ఆకు చిరిగేది, తంబాకు ఒళ్లో పడేది. పెళ్లికి ముందు నుంచీ బీడీలు చుట్టిన మనిషి, సందులో అందరికంటే గబగబా చుట్టిన మనిషి, ఒక్క బీడీ చుట్టలేక చేట ముందు కూర్చుని వేలును చూస్తూ ఉండేది.

“అన్నం కాడ మంచిగనే ఉంటది, ఆకు కాడ వంకర వోతదా?” అనేది నర్సక్క, చాటుగా కాదు, ఎదురుగానే. “గిదేం రోగమే అంబూ, పని చూసి వచ్చే రోగం!”

“నీ నోటికి రాదేందే గసొంటి రోగం?” అని అంబు తిరిగి అనేది. కానీ ఇంట్లోకి వచ్చి తలుపు వేసుకున్నాక ఆ మాటే నన్ను అడిగేది: “నేను నిజంగనే నాటకమాడుతున్ననా? నాకు తెల్వకుంటనే ఆడుతున్ననా?”

దిష్టి తీశాం. తాయెత్తు కట్టాం. మూలమీది డాక్టరు సెలైన్ ఎక్కించి, బలం తగ్గిందన్నాడు. వేలికి మాత్రం బలం ఎక్కువైనట్టుండేది, ఎంత పీకినా తెరుచుకునేది కాదు. బీడీ కార్ఖానాకు చుట్టేవాళ్లకు పనికీ పింఛనుకూ ఆధారంగా ఒక కార్డు ఉంటుంది. సరుకు ఇవ్వకపోతే ఆ కార్డు పోతుంది. అది పోతే ఇన్నాళ్ల చాకిరీ గాలికి పోయినట్టే. ఆమెకు మాత్రం అంతకంటే పెద్ద బాధ నాటకం అన్న మాట.

ఒక ఆదివారం సాబు ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. అన్నం తినమన్నాడు. దువ్వుకోమన్నాడు. దారం ముడెయ్యమన్నాడు. అన్నీ చేసింది. తర్వాత ఆకు పట్టమన్నాడు. వేలు ముడుచుకుంది. ఆయన మొహం ఒక్కసారిగా వెలిగింది. నాకు ఒళ్లు మండింది.

“ఏంది సాబ్, నా పెండ్లాం చెయ్యి వంకర వోతే నీకు పండుగా?”

“ఊకో ఏమే,” అన్నాడు కళ్లు వేలి మీద నుంచి తీయకుండా. తర్వాత ఆమె వంక చూసి, అందరికీ వినబడేలా చెప్పాడు. “అంబుబాయీ, ఇది నాటకం కాదు. ఇది నిజం బీమారి. చెయ్యి ఖరాబ్ కాలే. చెయ్యికి హుకుం ఇచ్చే జాగ ఉంటది గదా, గక్కడ గడబడ అయింది.” వేలితో తన తల మీద కొట్టుకున్నాడు. “ఒక్కటే పని ఏండ్లకేండ్లు చేస్తే లోపట వేళ్ల బొమ్మలు ఒకదాంట్ల ఒకటి కలిసిపోతయేమో. నేను అట్లనుకుంటున్న. పక్కా తెల్వదు.”

నర్సక్క చేట దించి పక్కన పెట్టింది.

“తగ్గుతదా సాబ్?” అని అంబు అడిగింది.

“తెల్వదు. బఘూ.”

చూద్దాం అనడానికి ఆయన ఎప్పుడూ ‘బఘూ’ అనే మరాఠీ మాటే వాడేవాడు. ఆ రెండు మాటలే ఆయన మందులచీటీ. ఏది అడిగినా తెల్వదు, ఆ తర్వాత బఘూ. మా పేటలో తెల్వదనే డాక్టరుకు విలువ లేదు. తెలియకపోవడానికి మేమే చాలు, ఆ మాత్రం దానికి అంత చదువెందుకు? మాకు చెయ్యి పట్టుకోగానే ‘రేపటికల్లా గుర్రంలా లేస్తావు’ అనేవాడు కావాలి. గుర్రంలా లేవకపోయినా ఆ మాటకు సగం రోగం తగ్గుతుంది. ఈయన ఉన్న సగం ధైర్యాన్ని కూడా పీకేసేవాడు.

“మీ పెద్ద డాక్టర్లు ఇంత చిన్న రోగం ఎందుకు చూస్తరు సాబ్?” అని ఒకసారి అడిగాను.

“దీంతోని ఎవ్వరు సావరు,” అన్నాడు. “అందుకే ఎవ్వరు చూడరు.” “నన్ను కూడ నవ్వుతరే, మా డాక్టర్లు” అన్నాడు. ఆ ఒక్కమాటలో మా అంబు గొంతు వినిపించింది నాకు.

మాత్రలు ఇచ్చాడు. ముంచేతిలో సూదులు వేశాడు. సూది వేసినప్పుడు కొన్నాళ్లు వేలు సద్దుమణిగేది, తర్వాత మళ్లీ మామూలే. చివరికి ఒకరోజు మమ్మల్ని ఆసుపత్రిలో తన గదికి పిలిచాడు. పక్కన చిన్న డాక్టరమ్మ కూర్చుంది.

“ఇంకొక్క రస్తా ఉన్నది,” అన్నాడు. తలకు చిన్న రంధ్రం వేసి, సన్నటి తీగ లోపలికి పంపి, గడబడ చేస్తున్న చోటు వెతికి, దాన్ని వేడితో కాల్చడం. మనిషికి మత్తు ఇవ్వరు. మెలకువగా ఉండాలి. ఉండటమే కాదు, తీగ లోపలుండగా ఆమె బీడీ చుడుతూ ఉండాలి. వేలు ముడుచుకోవడం, తెరుచుకోవడం కంటితో చూస్తేనే సరైన చోటు తెలుస్తుంది.

నేను కుర్చీ అంచుకు జరిగాను. “చోటు జర అటిటు అయితే?”

“మాట ముద్దగ కావచ్చు. చెయ్యి బలం పోవచ్చు.”

“మంచిగ అయితదని రాసిస్తరా?”

“తెల్వదు ఏమే. ఇది మంచిగైనోళ్లు ఉన్నరు. మల్ల వచ్చినోళ్లు ఉన్నరు. రేపు అయి, మరునాడు పోవచ్చు. నేను ఝూట్ చెప్ప.”

నేను లేచి నిలబడ్డాను. చెయ్యి కోసం తలకు చిల్లు పెట్టుకునే వెర్రివాళ్లం కాదని చెప్పబోతున్నాను. అంతలో ఆయన ఏదో రాయడానికి పెన్ను తీసుకున్నాడు. ఒక అక్షరం గీశాడో లేదో ఆయన చూపుడువేలు లోపలికి ముడుచుకుంది. మణికట్టు పక్కకు వంగింది. పెన్నును ఆయన చాలా మామూలుగా చిన్న డాక్టరమ్మ ముందుకు తోశాడు. ఆమె కూడా మామూలుగా అందుకుని, ఆయన చెప్పింది రాసింది. ఇద్దరికీ అది రోజూ ఉండే పనే.

అంబు ఆ చేతిని చూసింది. బయటికి వచ్చి ఆటో ఎక్కాక అంది, “ఆయన చెయ్యి నా చెయ్యే.”

“మరి కోసే కత్తి పట్టుకుంటే?”

“నాకు అన్నం ముద్ద కాడ ఆగుతదా? ఆయనకు కత్తి కాడ ఆగదు. నేను చేయించుకుంట.”

“నోరు పోతదంటుండే! నీ నోరు పోతే నేను ఎవ్వరితోని కొట్లాడాలె?”

“గోడతోని కొట్లాడు. నీ జోకులకు అది నవ్వకపోతే నన్నడుగు.”

ఆటోవాడు నవ్వాడు. నేను నవ్వలేదు. సాబు జబ్బు నాకూ అంటుకున్నట్టుంది.

ఆపరేషన్ రోజు నన్ను కూడా లోపలికి రమ్మన్నాడు. వేరే డాక్టర్లకు ఇష్టం లేదు. “ఆమె భయపడొద్దు. వీడు మాట్లాడిస్తడు. వీనికి వేరే పని రాదు” అని వాళ్లకు మరాఠీలో చెప్పాడు. మగాళ్ల మాట ఆయనకు మరాఠీలో మాత్రం బాగానే వచ్చేది. నాకు ఆకుపచ్చ గౌను తొడిగి, నెత్తికి టోపీ, మూతికి గుడ్డ కట్టారు. మంత్రసానిలా ఉన్నాను.

లోపల సిస్టరు చేటను చూసి కెవ్వుమంది. “తంబాకూ? ఇథే?” ఇక్కడా అని. అంతకుముందే ఆకుల్ని వేడి పెట్టెలో పెట్టి శుద్ధి చేద్దామని చూశారట, అవి ముట్టుకుంటే పొడి అయ్యాయి. ఇక గతిలేక చేటను ఆమె ఒళ్లో, తలకు దూరంగా, మధ్యలో పచ్చగుడ్డ తెర కట్టి పెట్టారు.

అంబు సగం కూర్చున్నట్టు పడుకుని ఉంది. తల చుట్టూ ఇనుప చట్రం, నుదుటి దగ్గరా వెనకా మేకులతో బిగించి ఉంది. కళ్లు నా కోసం వెతికాయి.

“ఎట్లున్న?” అంది.

“పెండ్లినాడు కట్టిన బాసింగం కంటె ఇదే మంచిగుంది,” అన్నాను.

ఆమె నవ్వింది. ఆ తర్వాత తెర వెనక చిల్లు వేసే మిషను మోత మొదలైంది. మా కార్ఖానాలో లూములన్నీ ఒకేసారి నడిచినా నా చెవులు అంతగా అదరలేదు. అంబు నా వేళ్లు పట్టుకుంది. మోత ఆగింది. ఎన్నో జోకులు మూటగట్టుకుని పోయాను. ఒక్కటీ గుర్తుకు రాలేదు.

“చుట్టు, అంబుబాయీ,” అన్నాడు సాబు తెర వెనక నుంచి.

ఆమె ఆకు తీసింది. తంబాకు పోసింది. చుట్టింది, కొస మడిచింది, దారం కట్టింది. వేలు హాయిగా, చల్లగా, పాత రోజుల్లోలాగ కదిలింది. ఇంకొకటి. ఇంకొకటి. నాకు ఏడుపొచ్చింది. తగ్గిపోయింది!

“మంచిగైంది సాబ్!” అని అరిచాను.

తెర పక్క నుంచి ఆయన మొహం బయటికి వచ్చింది. ఆ మొహం చూసి నా సంతోషం చచ్చింది.

“ఏం మంచిగ గాలే,” అన్నాడు. “నేను ఇంకా ఏం చెయ్యలే. వేలు వంకర కాకపోతే నాకు జాగ దొరకదు.”

అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లు ముడుచుకోవద్దని మొక్కుకున్న వేలు ఇప్పుడు ముడుచుకోవాలి. ముడుచుకోకపోతే తలకు వేసిన చిల్లు వృథా. ఇంకో డాక్టరు ఇంగ్లీషులో ఏదో అన్నాడు. ఆపేద్దాం అంటున్నాడని గొంతే చెప్పింది. సాబు ఆమె వేలునే చూస్తున్నాడు, మా అరుగు మీద చూసినట్టే.

“ఏమే,” అన్నాడు నాతో, “తిట్టు ఆమెను.”

“ఆఁ?”

“తిట్టవే! ఇంట్ల తిడ్తవు గదా. గట్టిగ తిట్టు.”

నోరు తెరిచాను. గాలి వచ్చింది, మాట రాలేదు. తలకు మేకులతో పడుకున్న మనిషిని ఏమని తిట్టేది? అంబు నా అవస్థ చూసి, “పాపం, ఈయనకు నీళ్లన్న ఇయ్యుండ్రి” అంది. వేలు ఇంకా మెత్తగా కదిలింది.

సాబు ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. తర్వాత ఆయన గొంతులోంచి వచ్చిన మాట ఆయనది కాదు.

బీడీ కార్ఖానాలో ఒక కిటికీ ఉంటుంది. కిటికీ వెనక చెకింగ్ మనిషి ఉంటాడు. ఆడవాళ్లు వరసలో నిలబడి కట్టలు ఇస్తే, అతను ఒక్కొక్క కట్ట నొక్కి చూసి, నచ్చని బీడీలను ‘ఛాట్’ అని పక్కకు విసిరేస్తాడు. విసిరిందానికి కూలి లేదు. ఆ మాట మా ఆడవాళ్లకు నిద్రలో కూడా వినబడుతుంది. సాబు ఆ వరసలో కూడా పోయి నిలబడ్డాడని, ఎవరో చెబితే అప్పట్లో నవ్వుకున్నాం.

“ఏయ్ బాయీ!” ముక్కుతో, నిర్లక్ష్యంగా, అచ్చం ఆ కిటికీ గొంతు. “హే కాయ్? ఇది బీడీనా? ఛాట్!” తీగ పట్టని ఎడమచెయ్యి చాపి ఆమె చుట్టిన బీడీని తీసి నేలకు కొట్టాడు. “ఇదీ ఛాట్! సగ్ళా, అన్నీ ఛాట్! కార్డు తే ఇటు!”

అంబు మొహంలో రంగు పోయింది. తర్వాతి ఆకు పట్టిన వేలు చటుక్కున లోపలికి మెలిపడింది. ఆకు చిరిగింది.

“మిళాలా,” అన్నాడు సాబు నెమ్మదిగా. దొరికింది.

చప్పుడు లేదు. మిషను మీద ఒక దీపం మాత్రం వెలిగి ఆరుతోంది. ఆయన లోపల తీగను వెంట్రుకవాసి కదిపాడట, కరెంటు సన్నగా పెట్టాడట. అవన్నీ తర్వాత చిన్న డాక్టరమ్మ చెప్పింది. నాకు కనిపించింది వేలు ఒక్కటే. కొంచెం తెరుచుకుంది. మళ్లీ ముడుచుకుంది. మళ్లీ తెరుచుకుంది.

“ఛాట్!” ఇంకో బీడీ నేల మీద పడింది. “ఛాట్!”

వేలు ఈసారి ముడుచుకోలేదు. ఆకు తిరిగింది, కొస మడత పడింది, దారం చుట్టుకుంది. ఆయన దాన్ని కూడా విసిరేశాడు.

“నీ చేతులిరగ!” అని అరిచింది అంబు. “నీ కండ్లల్ల మన్నువడ! అంత మంచి బీడీని ఛాట్ అంటవా? నీ తాత చుట్టిండా గసొంటి బీడీ? కిటికెనక కూసున్నోనికి ఏం తెలుస్తది చుట్టేదాని నొప్పి!”

ముద్ద లేదు, తడబాటు లేదు. ఒక్కో అక్షరం విడివిడిగా, మా సందులో నీళ్ల పంపు దగ్గర వినబడేంత స్పష్టంగా. లోపల తీగ పెట్టుకుని తలకు చిల్లు పెట్టిన డాక్టరును చేతులు విరగాలని తిట్టిన మనిషి ఇంకొకరు ఉండరు.

“బరాబర్,” అన్నాడు ఆయన తన గొంతుతో. “నోరు మంచిగుంది.” తెర పక్కకు వచ్చి ఆమె కళ్లలోకి చూశాడు. “అంబుబాయీ, ఇప్పుడు కాలుస్త. కాల్చినంక వాపస్ లేదు. రేపు ఎట్లుంటదో నాకు తెల్వదు. కాల్చనా?”

ఆమె నన్ను చూసింది. తర్వాత ఆయన కుడిచేతిని చూసింది.

“కాల్చు సాబ్.”

ఆమె కోలుకుని అరుగు మీదికి వచ్చిన తర్వాతి ఆదివారం ఆయన వచ్చి గోనెసంచి మీద కూర్చున్నాడు. చుట్టమన్నాడు. సందంతా మెడలు చాచింది. అంబు చుట్టింది. ఆయన ఆ బీడీని అందుకుని వెలుతురుకు పట్టి చూశాడు, రెండు వేళ్లతో నొక్కాడు, వాసన చూశాడు. చాలాసేపు చూశాడు.

“ఛాట్,” అన్నాడు.

మేమంతా కొయ్యబారిపోయాం. ఆయన మొహంలో ఏమీ లేదు. తర్వాత మీసం కింద ఏదో కదిలింది. నర్సక్క ముందు పట్టేసింది, “ఓయమ్మా, సాబు మజాక్ చేసిండే!” అని తొడ చరుచుకుంది. ఆయన ఎర్రబడి, మీగడ కట్టిన చాయ్ ఎత్తి తాగి, దగ్గాడు. నేను ఇన్నేళ్లు వేసిన జోకులన్నిటినీ ఆ ఒక్క మాటతో కొట్టేశాడు. నాకు ఇప్పటికీ కొంచెం కుళ్లు.

పోయేముందు అంబు అడిగింది, “మల్ల నీ చెయ్యి ఎవ్వరు చేస్తరు సాబ్?”

ఆయన కుడిచేతిని తిప్పి చూసుకున్నాడు. ఎవరిదో చెయ్యి చూసినట్టు చూశాడు. “నేను చెప్తె రాసేటోళ్లు ఉన్నరు. నువ్వు చెప్తె చుట్టేటోళ్లు ఉన్నరా?” అన్నాడు. చెప్పులు తొడుక్కుని, ఎప్పటిలాగే కుడిది ఎడమకాలికి తొడుక్కుని, నర్సక్క అరిస్తే మార్చుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత కూడా వస్తూనే ఉన్నాడు. వచ్చిన ప్రతిసారీ, “అంబుబాయీ, మల్ల రావచ్చు. చూస్కుంట ఉండు” అనేవాడు. పండగపూట కూడా అదే దీవెన.

అందుకే ఇవాళ పొద్దున ఆయన పోయాడన్న కబురు వినగానే నేను ఆమె వేలు చూశాను. అది నిలబడిపోయి ఉంది. నర్సక్క కూడా దాన్నే చూస్తోంది. అంబు కూడా దాన్నే చూస్తోంది, పక్కింటావిడ వేలు చూసినట్టు. ఫోను ఎప్పుడో కట్ అయింది.

“అంబూ,” అన్నాను.

ఆమె వేలి మీది నుంచి చూపు తిప్పలేదు.

బుజ్జగించబోయాను. ఆగాను. బుజ్జగిస్తే ఏమీ తెలియదు, ఆ ముక్క ఆయన దగ్గరే నేర్చుకున్నాను. లేచి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాను. ఆనాటి కిటికీ గొంతును ముక్కులోంచి ఎలాగో బయటికి లాగాను.

“ఏయ్ బాయీ! ఏం సూస్తున్నవ్? ఛాట్! సగ్ళా ఛాట్! కార్డు తే ఇటు!”

నర్సక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అంబు తల ఎత్తింది. కళ్ల నిండా నీళ్లున్నాయి, కానీ చూపు పదునుగా ఉంది. చూపుడువేలు వణికింది. కొంచెం లోపలికి వంగింది. అక్కడ ఆగింది. తర్వాత ఆకు తిరిగింది. మడత పడింది. దారం చుట్టుకుంది. ఆమె ఆ బీడీని తీసి నా మొహాన కొట్టింది.

“సూడు! నీ చేతులిరగ, యాడున్నది తప్పు? సూపెట్టు!”

ఒళ్లో పడిన బీడీని తీసి, ఆయనలాగే వెలుతురుకు పట్టాను, రెండు వేళ్లతో నొక్కాను. కొస మడత కొంచెం వంకరగా ఉంది. ఎప్పుడూ అలా ఉండదు. కిటికీ దగ్గరైతే ఇది నిజంగానే ఛాట్. ఏడుస్తూ చుట్టింది కదా, అందుకే కావచ్చు. కాకపోనూ వచ్చు.

ఆమె మొహం కొంగులో దాచుకుని ఏడవడం మొదలుపెట్టింది. నర్సక్క నా పక్కకు జరిగి, బీడీని చూసి, గుసగుసగా అడిగింది.

“మల్ల వచ్చిందారా ఏంది?”

నేను ఆ బీడీని చెవి మీద పెట్టుకున్నాను.

“తెల్వదు నర్సక్కా,” అన్నాను. “బఘూ.”